ఆగని డ్రమ్ముల రామస్వామి

డ్రమ్ముల ముందు కూర్చునేటప్పుడు రామస్వామి చెప్పులు విడిచేవాడు. కళ మీద భక్తి అని జనం అనుకునేవారు. కరీంనగర్ నుంచి వచ్చిన విలేకరి ఒకాయన ఆ మాటే పేపర్లో రాశాడు కూడా. అసలు సంగతి వేరు. రామస్వామి వినేది పాదాలతో.

ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు రామస్వామి. రెండో మనిషి అతని తల్లి లసుమవ్వ.

చిన్నప్పుడు చీము పట్టి ఒక చెవి పోయింది. పన్నెండో ఏట సాంచెల షెడ్డులో పనికి కుదిరాక రెండోది మెల్లగా పోయింది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒకే రేకుల కప్పు కింద పదహారు సాంచెలు ఆడుతుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకే ఆ షెడ్డుల్లో ఎవరూ అరవరు. పెదవులు కదుపుతారు, అంతే. అవతలి వరసవాడు "చాయ్ తాగుదామా?" అని పెదవులతో అడిగితే, ఇవతలి వరసవాడు చూసి "దారం తెగింది, ఆగు" అని పెదవులతోనే చెబుతాడు. ఇంటి సంగతులూ, తిట్లూ, పరాచకాలూ అన్నీ అలాగే. అలాంటి చోట ఒకడికి చెవులు పూర్తిగా పోయాయని ఎవరు కనిపెడతారు? ఇరవై ఏళ్లు నిండేసరికి రామస్వామి లోకంలో చప్పుడు లేదు. అదురు మాత్రం ఉంది. నేలలో, చెక్కలో, పక్కటెముకల్లో.

1983 వానాకాలంలో తాజుద్దీన్ ఆ షెడ్డుకు వచ్చాడు.

జగిత్యాలలో అతని తండ్రిది రేడియోలు బాగుచేసే దుకాణం. షెడ్డు యజమాని బాలయ్య ఇంట్లో పాడైన రేడియోను బాగుచేసి ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడు. లోపల రామస్వామి రెండు సాంచెల మధ్య నిలబడి, దారం చూసుకుంటూనే, ఖాళీగా ఉన్న చేత్తో చెక్క మీద దరువు వేస్తున్నాడు. తాజుద్దీన్ అయిదు నిమిషాలు అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"చేతులు ఎక్కడ నేర్చినవ్ ఉస్తాద్?"

అంత తేలిగ్గా చదవగలిగిన మొహాన్ని రామస్వామి అప్పటివరకూ చూడలేదు. నున్నగా గీసిన మూతి, వెడల్పాటి పెదవులు, ప్రతి మాటా విడివిడిగా.

"ఏడ నేర్సుడు? సాంచెనే నేర్పింది" అన్నాడు.

"నా తాన గిటార్ ఉన్నది. కోరుట్లల ఏసయ్య అని ఒకడు చర్చిల హార్మోనియం వాయిస్తడు. పాడే పిల్ల గూడ దొరికింది. డ్రమ్ములోడే లేడు. అస్తవా?"

"పెండ్లి బాజానా?"

"బాజా గాదు భాయ్. మన పాటలు. మనం రాసుకున్నయి. పట్నంల కాలేజీ పోరగాండ్లు ఎగురుకుంట ఇంగ్లీషుల వాడుతరు సూడు, గసొంటియి. తెలుగుల."

రామస్వామికి ఆ సంగీతం ఎలా ఉంటుందో తెలియదు. తెలిసే దారి కూడా లేదు. అయినా తల ఊపాడు.

పాడే పిల్ల పేరు నీల. కోరుట్లలో బీడీలు చుట్టేది. వెయ్యి బీడీలు చుట్టే లోపు ముప్పై పాటలు పాడేది. ఏసయ్య భారీ మనిషి, మొహం నిండా నవ్వు. నలుగురూ కలిసి 'రెడ్ బర్డ్స్' అని బోర్డు రాయించారు. మొదటి ప్రోగ్రాంకు పర్మిషన్ కోసం పోతే ఎస్సై ఆ బోర్డును కిందికీ పైకీ చూశాడు.

"ఎర్ర పక్షులేందిరా? ఇంకో రంగు దొరకలేదా?"

సాయంత్రానికల్లా అది 'బ్లూ బర్డ్స్' అయింది. వారం తిరక్కుండా ఒక ఊళ్లో తువ్వాలు కట్టుకున్న మనిషి ఒకడు తాజుద్దీన్ని పక్కకు పిలిచాడు. అన్నల తరఫు మనిషని చూడగానే తెలిసిపోయింది.

"ఎరుపుకు ఏం తక్కువైందని తుడిచిన్రు?"

"రంగు డబ్బా అయిపోయిందన్నా" అన్నాడు తాజుద్దీన్.

ఆ మనిషి నవ్వి వదిలేశాడు కాబట్టి సరిపోయింది.

రిహార్సల్ ఎక్కడ చేయాలన్నది రెండో చిక్కు. నలుగురు ఒక ఇంట్లో కూడితే ఎందుకు కూడారని ఇటువైపు అడుగుతారు, ఎవరితో కూడారని అటువైపు అడుగుతారు. పాట వినపడితే ఏం పాటని అందరూ అడుగుతారు. తాజుద్దీన్ ఉపాయం కనిపెట్టాడు.

"షెడ్డుల వాయిద్దం. సాంచెల చప్పుట్ల మన చప్పుడు ఎవనికి ఇనవడతది?"

"మనకు మనది ఇనవడద్దా?" అన్నాడు ఏసయ్య.

"కండ్లున్నయి గద. సూసుకుంట వాయించు."

బాలయ్య షెడ్డు మూలనున్న నూలు గది ఇచ్చాడు. అలా అయిదేళ్లు ఆ నలుగురూ ఒకరి చప్పుడు ఒకరికి వినపడని చోట సాధన చేశారు. గిటార్ ఎత్తుకుంటే తాజుద్దీన్ కుడి భుజం లేస్తుంది. ఆపేముందు దిగుతుంది. పల్లవికి తిరిగొచ్చేటప్పుడు నీల గొంతు దగ్గర నరం బిగుస్తుంది. ఏసయ్య గడ్డంతో లెక్క పెడతాడు. మిగిలిన ముగ్గురికీ ఇది కష్టంగా నేర్చుకోవలసిన విద్య. రామస్వామికి ఇది తప్ప వేరే విద్య లేదు. అందుకే అందరికంటే అతనే తప్పు లేకుండా వాయించేవాడు. వాళ్ల పాటలన్నీ సాంచె ఆడే వేగంతో నడిచేవి.

చీకటి పడ్డాక ఊళ్ల మధ్య బస్సులు తిరగని రోజులవి. రాత్రి ప్రోగ్రాంలు లేక ఆర్కెస్ట్రాలన్నీ మూలపడ్డాయి. బ్లూ బర్డ్స్ మాత్రం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి నాలుగున్నరకు ముగించేవారు, జనం ఆఖరి బస్సు అందుకునేలాగా. ఎండలో గిటార్ తీగలు కాలేవి. నీల ఒక చేత్తో మైకు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని పాడేది. వాళ్లకు పేరు తెచ్చిన పాట కూడా ఆ బస్సు మీదే.

*ఐదింటి బస్సుకు ఎక్కిపోయే పిల్లా,*
*ఆరింటికి ఊరు నల్లగైతది పిల్లా,*
*కిటికీ కాడ సీటు నాకు ఆపి ఉంచు పిల్లా,*
*నేను రాకుంటె సంచి తీసి ఒళ్లె పెట్టుకో పిల్లా.*

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వెల్గటూర్, ముస్తాబాద్. ఎక్కడికి పోయినా ఆ పాట రెండుసార్లు పాడకపోతే జనం దిగనిచ్చేవారు కాదు.

స్టేజీ మీద రామస్వామికి ఇష్టమైన క్షణం ఒకటుంది. పాట మొదలుపెట్టే ముందు ముగ్గురూ వెనక్కి తిరిగి అతని వైపు చూస్తారు. అతను కర్రలు ఎత్తాలి, అప్పుడు గానీ పాట లేదు. షెడ్డులో అంతమంది మధ్య పనిచేసినా అతనికి ఎవరూ లేనట్టే ఉండేది. ఇంట్లో తల్లి తప్ప మనిషి లేడు. పెళ్లి సంబంధం వస్తే ఏదో వంక పెట్టి తప్పించుకునేవాడు, పిల్ల చీకట్లో మాట్లాడితే ఏం చేయాలని. తన వైపు తిరిగే ఆ మూడు మొహాలే అతనికి బ్యాండు. పాట ఎలా ఉంటుందో అతనికి తెలియనే తెలియదు.

"ఎన్నొద్దులు దాస్తవు కొడుకా? చెప్పు ఆళ్లకు" అనేది లసుమవ్వ, దారం కండెలు చుట్టుకుంటూ.

"చెప్తె తీసేస్తరే అవ్వా. చెవిటోడు డ్రమ్ములు కొట్టుడేందంటరు."

"తీసేస్తె తీసేస్తరు. దొంగలెక్క బతుకుడు మంచిగున్నదా?"

అతను మొహం తిప్పుకునేవాడు. తల్లితో వాదనలో అతనికున్న లాభం అదొక్కటే. మొహం తిప్పుకుంటే వాదన అయిపోతుంది.

1986లో క్యాసెట్ తీయడానికి హైదరాబాద్ పోయారు.

రికార్డింగ్ గదిలో గోడలకు మెత్తలు, కింద మందపాటి తివాచీ. రామస్వామిని అద్దాల గదిలో విడిగా కూర్చోబెట్టారు. అలవాటు ప్రకారం చెప్పులు విడిచి పాదాలు ఆనించాడు. ఏమీ లేదు. పత్తి బస్తా మీద నిలబడ్డట్టుంది. అద్దం అవతల తాజుద్దీన్ వీపు కనిపిస్తోంది, భుజం గిటార్ స్టాండు చాటున పడింది. నీల ఎక్కడుందో కూడా తెలియదు.

మొదటిసారి పాట మధ్యలో ఆపేశారు. రెండోసారీ. ఎనిమిదోసారి రికార్డింగ్ చేసే మనిషి చెవుల మీంచి యంత్రం తీసి పక్కన పెట్టాడు. అతని పెదవులు రామస్వామి అద్దంలోంచి స్పష్టంగా చదివాడు.

"ఆయన ఎటో పోతున్నాడు, మీరు ఎటో పోతున్నారు. మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. పిలవనా?"

ఆ కుర్రాడు వచ్చి ఒకేసారికి ముగించాడు.

మెట్ల మీద కూర్చున్న రామస్వామి పక్కన తాజుద్దీన్ వచ్చి కూర్చున్నాడు.

"ఏమైంది ఉస్తాద్?"

"ఏసీ పడలే. చేతులు గడ్డ కట్టినయి."

"నాకు గూడ పడలే. పట్నం గాలే గిట్లుంటది." భుజం మీద చెయ్యి వేశాడు. "అట్ట మీద ఫోటో నీదే ఉంటది. ఎవనికి తెలుస్తది, పో."

అబద్ధం చెప్పినందుకు కాదు, అది తాజుద్దీన్ అంత సులువుగా నమ్మినందుకు రామస్వామికి సిగ్గేసింది. చెప్పేయాలనిపించింది. తాజుద్దీన్ అప్పటికే లేచి బస్సు టైము అడుగుతున్నాడు.

క్యాసెట్ జగిత్యాల బస్టాండులో, కోరుట్ల చాయ్ హోటళ్లలో మోగింది. జనం షెడ్డు దాకా వచ్చి "అన్నా, బస్సు పాటల ఏం కొట్టినవన్నా!" అనేవారు. రామస్వామి నవ్వేవాడు. ఒకరోజు హోటల్లో ఎవరూ చూడకుండా స్పీకర్ పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఆ కుర్రాడి దెబ్బ శుభ్రంగా ఉంది. మూడో దెబ్బకు ముందు వెంట్రుకవాసి ఆగుతున్నాడు. తను ఎప్పుడూ అలా ఆగడు. చాయ్ చల్లారిపోయేదాకా చెయ్యి తీయలేదు.

ఇక 1988 ఏప్రిల్. చందుర్తి అవతల ఒక పల్లెటూరు. కాంట్రాక్టర్ ఇంట్లో పెళ్లి, మధ్యాహ్నం ప్రోగ్రాం.

నాలుగో పాట తర్వాత ఎప్పుడూ డ్రమ్ములు ఒంటరిగా మోగుతాయి. మిగతా ముగ్గురూ వెనక్కి జరిగి నీళ్లు తాగుతారు. ఆ రోజూ అంతే. రామస్వామి తల వంచి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఎవరి భుజమూ చూడనక్కర్లేదు, ఎవరి గొంతూ చూడనక్కర్లేదు. రోజు మొత్తంలో అతను భయం లేకుండా ఉండేది ఆ రెండు మూడు నిమిషాలే.

కళ్లు తెరిచేసరికి జనం లేరు.

కుర్చీలు బోర్లాపడి ఉన్నాయి. మరోసారి చూస్తే జనం ఉన్నారు, నేల మీద పడుకుని. ఒక ముసలామె అరటి చెట్టును కావలించుకుని ఉంది. పందిరి చివర కాంట్రాక్టర్ తమ్ముడు భుజం పట్టుకుని కూలబడి ఉన్నాడు, తెల్ల చొక్కా ఎర్రగా తడుస్తోంది. దూరంగా మక్క చేనులో ఇద్దరు మనుషులు పరుగెత్తుతున్నారు. స్టేజీ కింద నుంచి ఏసయ్య చెయ్యి ఒకటి బయటికి వచ్చి, "ఆపు, ఆపు" అని ఊగుతోంది.

రామస్వామి అప్పుడు ఆపాడు.

తుపాకీ నాలుగుసార్లు పేలిందట. ఆ నాలుగు పేలుళ్ల మధ్యా, ఆ తర్వాత రెండు నిమిషాల పాటూ, ఊరంతా నేలకు కరుచుకుని ఉంటే, ఒక్క మనిషి కళ్లు మూసుకుని డ్రమ్ములు కొట్టాడు. కాంట్రాక్టర్ తమ్ముడు బతికాడు. రామస్వామి కథ అతనికంటే ముందు ఊళ్లు తిరిగింది. తుపాకులకు భయపడని డ్రమ్మర్ అన్నారు.

పోలీసులకు ఆ కథ వేరేలా వినపడింది.

మర్నాడు ముగ్గురు మగవాళ్లనూ ఒక క్యాంపుకు తీసుకుపోయారు. ఏదో ఊళ్లో ఖాళీ చేయించిన బడి అది. నీల, ఆమె తల్లి సత్యవ్వ గేటు బయట కూర్చున్నారు. సీఐ ఎత్తయిన మనిషి. పై పెదవిని పూర్తిగా కప్పేసిన దట్టమైన మీసం. రామస్వామి అతని కింది పెదవి మీదే చూపు నిలిపాడు.

మీసం కదిలింది. కింది పెదవి ఏదో అంది. ఏమందో తెలియలేదు. ఊరు అడుగుతున్నాడేమో అనుకున్నాడు.

"సిరిసిల్ల సార్."

చెంప పగిలింది. మీసం మళ్లీ కదిలింది.

"ముప్పై ఏండ్లు సార్."

రెండో చెంప. సీఐ అడిగిందేమిటో తర్వాత ఏసయ్య చెప్పాడు. తుపాకీ పేలుతుందని నీకు ముందే ఎవరు చెప్పారు అన్నది మొదటి ప్రశ్న. ఆ చప్పుడు కప్పడానికే డ్రమ్ములు కొట్టావు కదా అన్నది రెండోది.

సీఐ తల తిప్పి తాజుద్దీన్ని చూపించాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు అతని రెక్కలు పట్టుకుని లోపలి గది వైపు ఈడ్చారు. తాజుద్దీన్ మొహం మాత్రం రామస్వామి వైపే తిరిగి ఉంది. ఎప్పటిలాగే ప్రతి మాటా విడివిడిగా కనిపించింది.

"సోలో నాలుగో పాట ఎన్కనే ఉంటది సార్, ఎప్పటికి గట్లనే! ఉస్తాద్, చెప్పు. నీకు భయం ఎందుకు కాలేదో చెప్పు. ఏదన్న చెప్పు భాయ్!"

ఆ గదిలోకి పోయినవాళ్లు ఎలా బయటికి వస్తారో జిల్లాలో అందరికీ తెలుసు. తలుపు దాకా పది అడుగులుంది.

"నాకు ఇనవడది సార్" అన్నాడు రామస్వామి.

కానిస్టేబుళ్లు ఆగారు. ఎందుకు ఆగారో అతనికి తెలియదు గానీ, తన గొంతు చాలా పెద్దగా వచ్చి ఉంటుందనుకున్నాడు.

"పుట్టు చెవిటోన్ని గాదు. సాంచెల కాడ పోయినయి. తుపాకి వేలింది నాకు తెల్వది. మీరు అడిగేది గూడ తెల్వదు, మీసం అడ్డమున్నది. మూతి సూసి మాట్లాడుత సార్ నేను. మా అవ్వను అడుగుండ్రి. తాజుభాయ్‌కి గూడ తెల్వదు. ఎవ్వలకు తెల్వది."

సీఐ కళ్లు రామస్వామి తల మీదుగా వెనక్కి పోయి, ఎవరికో సైగ చేశాయి.

ఎదురుగా ఉన్న ఏసయ్య భారీ భుజాలు ఒక్కసారి ఎగిరాయి. తాజుద్దీన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గోడ మీది పిచ్చుకలు లేచిపోయాయి. రామస్వామి వీపుకు వేడి గాలి తగిలినట్టయింది, అంతే. వెనక్కి తిరిగి చూస్తే కానిస్టేబుల్ రైఫిల్ దించుతున్నాడు.

సీఐ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మీసం ఉన్నా తెలిసింది. ఈసారి చేతులు ఊపుతూ, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. పొండి.

తాజుద్దీన్ కళ్లు తెరిచాడు. అతని మొహంలో సంతోషం లేదు. అయిదేళ్లు వెనక్కి పోయి ఒక్కొక్క రోజూ తిరగేసుకుంటున్న మనిషి మొహం అది.

తిరుగు దారిలో కిరాయి వ్యానులో ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు. కొంత దూరం పోయాక నీల కిటికీ వైపు తిరిగింది. చెవి కింద దవడ కదులుతోంది. ఏదో అంటోంది. ఏసయ్య తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు, దుమ్ముకు అన్నట్టు. తువ్వాలు లోపల పెదవులు కదులుతున్నాయి. తాజుద్దీన్ డ్రైవర్ వీపు చూస్తూ జవాబు చెబుతున్నాడు.

అయిదేళ్లలో వాళ్లు అతని ముందు మొహాలు తిప్పుకుని మాట్లాడడం అదే మొదటిసారి. అతనికి ఎలా వినపడుతుందో ఇప్పుడు వాళ్లకు తెలుసు. కాబట్టి ఎలా వినపడకుండా చేయాలో కూడా తెలుసు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. రామస్వామి కూడా అలా అనుకోలేదు. సిరిసిల్లలో దిగేటప్పుడు మాత్రం ముగ్గురూ ఒకేసారి అతని వైపు తిరిగి, మరీ నెమ్మదిగా, పెదవులు సాగదీసి "పోయి రా... అన్నా" అన్నారు.

ఆ తర్వాత కబురు లేదు. ఏసయ్య వాళ్లన్న దుబాయ్ నుంచి క్యాసియో కీబోర్డు పంపాడని, బటన్ నొక్కితే డ్రమ్ముల చప్పుడు దానంతటదే వస్తుందని, షెడ్డులో ఎవరో చెప్పారు. రామస్వామి దారం ముడివేసుకుంటూ తల ఊపాడు. డ్రమ్ములు నూలు గదిలో బొంత కింద ఉండిపోయాయి.

పది నెలలకు, 1989 ఫిబ్రవరిలో, తాజుద్దీన్ మళ్లీ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వచ్చి సాంచె ఎదురుగా నిలబడి పెదవులు కదిపాడు. గొంతు వాడినా వాడకపోయినా అక్కడ ఒకటే.

"కోరుట్లల కాలేజీ ప్రోగ్రాం. నువ్వు రావాలె."

"మిషిన్ ఉన్నదట గద."

"ఉన్నది. గని ఏడికి వోయినా ఒక్కటే అడుగుతున్నరు. తుపాకులు వేలినా ఆగనోడు ఏడి అని. నువ్వు లేకుంటె ప్రోగ్రామే ఒద్దంటున్నరు ఉస్తాద్."

రామస్వామి చేతిలో కండె ఆగింది.

"మరి డ్రమ్ములు ఎవలు కొడతరు?"

తాజుద్దీన్ ఒకసారి పక్కకు చూసి, మళ్లీ మొహం ఇటు తిప్పాడు. అంత తేలికైన మొహంలో ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"మిషినే. నువ్వు డ్రమ్ముల మీద తువ్వాల్లు కప్పి కొట్టు. సూసేటోళ్లకు తెల్వదు. తాళం తప్పుతదని ఏసయ్య భయపడుతున్నడు. నేను గాదు."

"తప్పిందా ఎన్నడన్న? షెడ్డుల, స్టేజీ మీద, ఎన్నడన్న తప్పిన్నా?"

"లేదు."

"మరి?"

"అప్పుడు తెల్వది ఉస్తాద్. ఇప్పుడు తెలుసు. తెలిసినంక భయమైతది."

ఆ రాత్రి లసుమవ్వ వద్దంది. "గంగిరెద్దును నిలవెట్టినట్టు నిలవెడతరు. నీకేం కర్మ?"

"పాట మొదలుపెట్టెటప్పుడు ఎన్కకు మర్రి సూస్తరే అవ్వా" అన్నాడు రామస్వామి. "నా దిక్కు."

ఆమెకు అర్థం కాలేదు.

కోరుట్లలో కాలేజీ మైదానం నిండిపోయింది. గోడలెక్కి, చెట్లెక్కి కూర్చున్నారు. అతన్ని చూడగానే రెండు మూడు వేల నోళ్లు ఒకేసారి తెరుచుకున్నాయి. రామస్వామి చెప్పులు విడిచి కూర్చున్నాడు. నాలుగు డ్రమ్ముల మీదా నాలుగు మడత తువ్వాళ్లు, తెల్లవి, దూరానికి డ్రమ్ము తోలులాగే కనిపిస్తాయి. పక్కన స్టాండ్ల మీది ఇత్తడి తాళాల పళ్లేలకు సాంచె గుడ్డ చుట్టి ఉంది.

కర్రలు ఎత్తి ఎదురుచూశాడు. ముగ్గురూ వెనక్కి తిరిగారు. చూసింది ఏసయ్య చూపుడు వేలు వైపు. వేలు బటన్ నొక్కింది. పాట మొదలైంది.

ఒక పాట, రెండు, మూడు. పాదాల కింద చెక్క అదురుతోంది. మిషన్ దెబ్బకు సరిగ్గా సరిపోయేలా అతను తువ్వాళ్ల మీద కొడుతున్నాడు. మెత్తగా, పరుపు దులిపినట్టు. జనం ఊగుతున్నారు. ఒకడు చొక్కా విప్పి తిప్పుతున్నాడు. నాలుగో పాటగా బస్సు పాట ఎత్తుకున్నారు.

రెండో చరణంలో చెక్క చచ్చిపోయింది.

కరెంటు పోయిందని రామస్వామికి ఆ క్షణంలోనే తెలిసింది. షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా తెలిసిన సంగతి అది. నేల ఒక్కసారిగా శవంలా అయిపోతుంది. తల ఎత్తాడు. తాజుద్దీన్ జనరేటర్ వైపు పరుగెత్తుతున్నాడు. నీల మైకును అరచేతితో కొడుతోంది. ఏసయ్య బటన్లన్నీ నొక్కుతున్నాడు. మోగుతున్నవి తువ్వాళ్లు మాత్రమే. ముందు వరసలో ఒక కుర్రాడి నోరు తెరుచుకుంది, తర్వాత పక్కవాడిది. వేళ్లు అతని వైపు లేస్తున్నాయి. నవ్వు గోడల దాకా పాకడం అతను వరస వరసగా చూశాడు.

అప్పుడు చందుర్తిలో తెలియక ఆగలేదు. ఇప్పుడు అన్నీ తెలుసు.

ఎడమ చేత్తో దెబ్బ తప్పకుండా ఆడిస్తూనే కుడి చేత్తో ఒక తువ్వాలు లాగి పారేశాడు. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. పళ్లేల గుడ్డలు పీకేశాడు. సాంచె వేగంతో, మూడో దెబ్బకు ముందు ఆగకుండా, బస్సు పాట మిగిలిన చరణం మొదలుపెట్టాడు. ఎవరి భుజం వైపూ చూడలేదు. కొడుతుంటే తోలు నుంచి మోచేతుల దాకా, కాలి కింద చెక్క దాకా అదురు తిరిగి వచ్చింది. ఆ స్టేజీ మీద ఆ రోజు అతనొక్కడే మోగుతున్నాడు.

నోళ్లు మూతపడ్డాయి. కాసేపటికి ముందు వరస చేతులు లేచి, అతని దెబ్బకు కలిసి తట్టడం మొదలుపెట్టాయి. నీల మైకు వదిలేసి అతని వైపు తిరిగి పాడుతోందని ఒకసారి కంటి కొసన కనిపించింది. తాజుద్దీన్ కూడా వచ్చి నిలబడ్డట్టున్నాడు. రామస్వామి మొహం ఎత్తలేదు. చరణం అయింది. పల్లవి అయింది. ఆఖరి దెబ్బ వేసి పళ్లెం అంచు వేళ్లతో పట్టుకున్నాడు. అదురు ఆగేదాకా పట్టుకుని, కర్రలు డ్రమ్ము మీద పక్కపక్కన పెట్టాడు.

చెప్పులు వేసుకున్నాడు. సంచి తీసుకుని వెనక మెట్లు దిగాడు.

గేటు దగ్గర తాజుద్దీన్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఎదురుగా నిలబడి ఏదో అనబోయాడు. రామస్వామి అతని మూతి వైపు కాకుండా చేతి వైపు చూశాడు. ఆ చెయ్యిని నిమిరి, మెల్లగా విడిపించుకున్నాడు.

బ్లూ బర్డ్స్ ఇంకో ఏడాది నడిచింది. తర్వాత తాజుద్దీన్ దుబాయ్ పోయాడు. ఏసయ్య చర్చికి, నీల బీడీల గంపకు తిరిగిపోయారు. ఆగని డ్రమ్ముల కథ ఇంకొన్నాళ్లు ఊళ్లలో తిరిగింది.

కోరుట్లలో ఆ రోజు, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే ఐదింటి బస్సులో రామస్వామికి కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిని పక్క సీట్లో పెట్టాడు. బస్సు నిండుతోంది. కండక్టర్ వచ్చి సంచిని వేలితో పొడిచాడు.

"ఎవరన్న వస్తరా?"

రామస్వామి కిటికీలోంచి కాలేజీ రోడ్డు చూశాడు. సైకిళ్లు, దుమ్ము, ఎండ తగ్గిన గోడలు.

"ఎవ్వలు రారు" అని, సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.